వదినగారి మొహానికి అచ్చు

శనివారం ఉదయం పదీ పావుకి పళ్ల మేస్త్రి తన ఎడమ కనుబొమను పోగొట్టుకున్నాడు. పెద్దగా నొప్పి లేదు. రక్తం రాలేదు. ఆ మాటకొస్తే కనుబొమ ఎక్కడికీ పోలేదు కూడా. ప్లాస్టర్ అచ్చులో, ఉండవలసిన వంపులోనే, ఒక్క వెంట్రుకైనా చెదరకుండా భద్రంగా ఉంది. మొహం మీద లేదు, అంతే.

ఆయన తన మొహానికి తనే అచ్చు తీసుకుంటున్నాడు. వెంట్రుకలున్న చోట ముందుగా వాజలైన్ దట్టంగా పట్టించాలి. కుడి కనుబొమకు పట్టించాడు. ఎడమదాని దగ్గరికి వచ్చేసరికి వంటింట్లోంచి భార్య, "ఏవండీ, చిన్న గరిటె ఏమైనా చూశారా?" అని కేకేసింది. చూడకపోవడమేమిటి, ఆ గరిటెతోనే ఆయన వాజలైన్ తీస్తున్నాడు. ఈ సంగతి ఆవిడకి ఎలా విన్నవించాలా అన్న ఆలోచనలో పడి ఎడమ కనుబొమను మరిచిపోయాడు.

భార్య వచ్చి చూసి, నవ్వకూడదని కొంగు అడ్డం పెట్టుకుని, అయినా ఆగలేక గోడవైపు తిరిగి నవ్వింది.

"పోన్లెండి, మళ్లీ మొలుస్తుంది."

"ఎన్నాళ్లకి?"

"గడ్డం రోజూ మొలవట్లేదూ?"

"దానికి అలవాటు. దీనికి లేదుగా," అన్నాడాయన దిగులుగా.

పళ్ల మేస్త్రి అన్నది ఆయనకి పుట్టుకతో వచ్చిన పేరు కాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఒక దంతాల ల్యాబులో కట్టుడుపళ్లు తయారు చేశాడు. డాక్టర్లు కొలతలు పంపేవారు, ఈయన పళ్లు పంపేవాడు. ఆ నోటి యజమాని ఎవరో చూసిన పాపాన పోలేదు. అందుకని ఆయనకి ఊళ్లో మనుషులు తెలియరు గానీ పళ్లన్నీ తెలుసు. బస్సులో ఎదుటి సీటాయన ఆవలిస్తే చాలు, భార్య చెవిలో "పై సెట్టు నాదే" అనేవాడు. ఒకసారి బ్యాంకులో కౌంటరు వెనకాల ఆవిడ నవ్వుతూ పలకరిస్తే, ఈయన సంతోషం పట్టలేక "మీ ముందుపన్ను ఎలా ఉందండీ, కదలట్లేదు కదా?" అని అడిగేశాడు. ఆ పన్ను కట్టుడుదని పక్క కౌంటరు వాళ్లకి అప్పటిదాకా తెలియదు. తర్వాత ఏడాది పాటు ఆయన వేరే బ్రాంచికి వెళ్లి వచ్చేవాడు.

మెచ్చుకోవడమన్నది ఆయన చేతకాని విద్య. పెళ్లిచూపులు చూసి వచ్చాక ఇంట్లోవాళ్లు చుట్టూ చేరి, పిల్ల ఎలా ఉందిరా అంటే, చాలాసేపు ఆలోచించి "పలువరసకి వంక పెట్టడానికి లేదు" అన్నాడు. అంతకు మించి ఇప్పటికీ ఏమీ అనలేదు. ఆవిడ ఆ ఒక్క మాట మీదే ఇన్నేళ్లు కాపురం చేసుకొచ్చింది.

ఆయన ల్యాబు పని మానేసిన ఏడాదే ఆవిడ ఇంట్లో చాక్లెట్లు చేయడం మొదలుపెట్టింది. బజార్లో దొరికే సిలికాన్ అచ్చులు కొని తెచ్చుకుంది: గవ్వలు, ఆకులు, నక్షత్రాలు, గుండెకాయలు. చాక్లెట్ కరిగించి, చల్లార్చి, మళ్లీ కాస్త వెచ్చజేసి, అది గరిటె మీంచి పట్టు రిబ్బనులా జారే అదను చూసి పోసేది. ఆ అదను కోసం ఎదురుచూస్తున్నంతసేపూ ఆవిడ ఏదో కూనిరాగం తీస్తూ ఉండేది. ఆ పాట ఏ పాటా కాదు. దానికి తలా తోకా లేవు. పక్కగదిలో పేపరు అడ్డం పెట్టుకుని ఆయన అదే వింటూ కూర్చునేవాడు. బాగుందని మాత్రం ఎన్నడూ చెప్పలేదు. చెబితే ఆవిడ సిగ్గుపడి ఆపేస్తుందేమోనని భయం.

వచ్చిన చిక్కల్లా ఆవిడ అక్కగారితో. ఆవిడ ఒక బడికి పెద్దపంతులమ్మ. చెల్లెలికంటే ఆరేళ్లు పెద్ద. ఆవిడకొక పెదవి విరుపు ఉంది. కుడివైపు మూల, ఇంతే ఇంత, గోరు మందాన కిందికి దిగుతుంది. ముప్పై ఆరేళ్లుగా ఒక బడి బడంతా ఆ గోరు మందానికి గజగజలాడింది. చెల్లెలు కొత్త రకం చేసినప్పుడల్లా ఒక డబ్బా పట్టుకెళ్లేది. అక్కగారు మూత తీసేది, చూసేది, పెదవి విరిచేది, మూత పెట్టేసేది. "ఎవరికైనా ఇస్తాలేవే," అనేది. ఒక్క ముక్క కూడా ఎప్పుడూ నోట్లో వేసుకోలేదు.

అటువంటి అక్కగారు ఉద్యోగం విరమించే రోజు దగ్గరపడింది. విందుకి చాక్లెట్లు నేను చేయనా అని చెల్లెలు అడిగింది.

"గవ్వలూ గుండెకాయలూ ఎవరైనా చేస్తారే," అంది అక్కగారు. "అచ్చు కొంటారు, పోస్తారు. అందులో నీ గొప్పేముంది? అంత చేతనైతే నా మొహం చెయ్యి. బడి ముందు నాకు విగ్రహం ఎలాగూ పెట్టరు. ఇదైనా చూసుకుంటా."

"చేస్తా," అనేసింది చెల్లెలు.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి, "ఏవండీ, నోరు జారాను," అంది. కాసేపటికి ఇంకో మాట కూడా అంది. "ఈసారి కూడా అక్కయ్య పెదవి విరిచిందంటే ఈ గిన్నెలూ అచ్చులూ అన్నీ అటకెక్కించేస్తాను. ఇంక నా వల్ల కాదు."

ఆ మాట ఆవిడ ఏడుస్తూ అనలేదు. మామూలుగా, గ్యాస్ అయిపోయిందన్నట్టు అంది. అందుకే ఆయనకి గుండెల్లో రాయి పడింది. అటక మీదికి గిన్నెలతో పాటు ఏ రాగం ఎక్కిపోతుందో ఆయనకి తెలుసు. పేపరు మడిచి లేచి, ల్యాబు రోజుల నాటి సామాను పెట్టె కిందికి దించాడు.

అలా దించిన పెట్టెతోనే ముందు తన మొహం మీద ప్రయోగం చేసి, ఒక కనుబొమ ఖర్చు పెట్టాడు.

మర్నాడు ఆదివారం అక్కగారూ, ఆవిడ భర్తా వచ్చారు. ఆ పెద్దమనిషి మేస్త్రికి తోడల్లుడు, మితభాషి. మితంగా మాట్లాడే అవకాశం తప్ప ఆ ఇంట్లో వేరే అవకాశం ఆయనకి దొరకలేదు.

అక్కగారు గుమ్మంలోనే ఆగి మేస్త్రిని తేరిపార చూసింది.

"మరిదిగారూ, మీ మొహంలో ఏదో తగ్గింది. ఏంటది?"

"సగం ఆశ్చర్యం తగ్గిందండీ వదినగారూ."

తోడల్లుడు ఫక్కున నవ్వబోయి, భార్య తలతిప్పేసరికి దగ్గుగా మార్చుకున్నాడు.

"నాకూ ఇదేనా జరగబోయేది?"

"మీకు రెండువైపులా నేను రాస్తాను అక్కయ్యా," అంది చెల్లెలు. "ఆయన్ని ముట్టుకోనివ్వను."

భోజనాల బల్ల దగ్గరి కుర్చీని కిటికీ పక్కకి జరిపి, వెనక దిండు పెట్టి, ఆవిడని కూర్చోబెట్టారు. తలకి స్నానాల టోపీ తొడిగారు. మెడ చుట్టూ తువ్వాలు కప్పారు. చెల్లెలు వాజలైన్ పట్టించింది. మేస్త్రి రబ్బరు గిన్నెలో గులాబీరంగు పొడి పోశాడు. పంటి కొలతలు తీసే పొడి అది, నీళ్లు కలిపితే జిగురుజిగురుగా అయి నిమిషాల్లో రబ్బరులా బిగుసుకుంటుంది.

"చల్లనీళ్లతో కలుపుతున్నాను, కాస్త నిదానంగా గట్టిపడుతుంది," అని వివరించాడు. "దీనికి ఆరు నిమిషాలు. పైన ప్లాస్టర్ పట్టీలు వేస్తాను, వాటికి ఇంకో ఆరు. మొత్తం పన్నెండు నిమిషాలు కళ్లు తెరవకూడదు, పెదవి కదపకూడదు, మాట్లాడకూడదు. ముక్కు మాత్రం వదిలేస్తాను. ఊపిరాడకపోతే చెయ్యెత్తండి."

"పన్నెండు నిమిషాలా!" అన్నాడు తోడల్లుడు. అనుకోకుండా సెలవు ప్రకటిస్తే బడిపిల్లల గొంతు ఎలా ఉంటుందో అలా ఉంది ఆ గొంతు.

"మీరు అవతల కూర్చోండి," అంది అక్కగారు. ఆ తర్వాత నోరు మూసుకుంది.

మేస్త్రి నుదుటి నుంచి మొదలుపెట్టి, కళ్ల మీదుగా, బుగ్గల మీదుగా, పెదవుల మీదుగా గడ్డం దాకా గులాబీరంగు ముద్ద పరిచేశాడు. గడియారం చూసుకున్నాడు. గదిలో చప్పుడు లేదు. అక్కగారు ఉన్న గదిలో చప్పుడు లేకపోవడం కొత్త కాదు, ఆవిడ చప్పుడు కూడా లేకపోవడం కొత్త.

గిన్నె పట్టుకుని నిలబడ్డ చెల్లెలు అక్క వైపే చూస్తోంది. పుట్టి బుద్ధెరిగాక అక్కయ్యని కళ్లూ నోరూ లేకుండా చూడటం ఇదే మొదలు. చూసి చూసి, "అక్కయ్యా," అంది.

"ఊఁ," అంది ముక్కు.

"ఊఁ కొట్టకూడదు," అన్నాడు మేస్త్రి.

"నువ్విప్పుడు మధ్యలో అందుకోలేవు కదా, అందుకని చెప్తున్నా. పద్నాలుగు డబ్బాలిచ్చాను నీకు. ఒక్క ముక్క, పోనీ ఒక్క పలుకు నోట్లో వేసుకున్నావా? తిని బాగాలేదను, పడతాను. తినకుండానే పెదవి విరిస్తే నేనేం దిద్దుకోను, ఎలా దిద్దుకోను?"

అక్కగారి చెయ్యి లేచింది.

"ఊపిరాడట్లేదా?" అంటూ మేస్త్రి కంగారుగా వంగాడు. చెయ్యి అడ్డంగా ఊగింది. ఊపిరి బాగానే ఆడుతోంది. అది వెనకబెంచీ వాళ్లని కూర్చోమనే చెయ్యి.

"చెయ్యి దించక్కయ్యా. నేను నీ బళ్లో పిల్లని కాను."

చెయ్యి ఒక క్షణం గాల్లోనే ఆగి, ఒళ్లోకి దిగింది. దించింది తన మాటేనని చెల్లెలికి నమ్మకం కుదరడానికి కాస్త సమయం పట్టింది. కుదిరాక ఇంక ఆగలేదు.

"ఇంత దూరం వచ్చాక ఇంకోటి కూడా చెప్పేస్తా. నీ క్రేయాన్ల డబ్బా."

ఈ డబ్బా సంగతి తెలియనివాళ్లు ఆ బళ్లో ఎవరూ లేరు. అక్కగారు భూగోళం చెప్పేది. ఎండల పాఠం వచ్చినప్పుడల్లా, తన పన్నెండో ఏట ఎంత ఎండలు కాశాయంటే, ఇంట్లో బీరువా మీద పెట్టిన కొత్త క్రేయాన్లు ఇరవై నాలుగూ కరిగి మాయమైపోయాయని చెప్పేది. పిల్లలు నోట్సులో రాసుకునేవారు. ఒకటి రెండు సార్లు పరీక్షలో కూడా వచ్చింది.

"అవి ఎండకి కరగలేదక్కయ్యా. నేనే కరిగించా. గరిటెలో వేసి, పొయ్యి మీద పెట్టి. సీసా మూతల్లో పోసి గుండీలు చేశాను. నాకప్పుడు ఆరేళ్లు. నువ్వే నాన్న దగ్గరికెళ్లి, ఎండకి కరిగాయి నాన్నా అన్నావు. పెద్దదానివి, నీకు తెలీదా అని ఊరుకున్నా. ముప్పై ఆరేళ్లు పిల్లలందరికీ అదే చెప్తావని నేనేమైనా కలగన్నానా?"

అక్కగారి భుజాలు కదిలాయి. తువ్వాలు కదిలింది. ముక్కులోంచి, ప్రెషర్ కుక్కర్ కూత వేయబోయే ముందు వచ్చే చప్పుడు లాంటిది వచ్చింది. ఆవిడ ఏడుస్తోందనుకుని చెల్లెలు గిన్నె బల్ల మీద పెట్టేసింది. మేస్త్రి మాత్రం ఆ గులాబీ ముద్ద మీద, పెదవుల చోట, ఒక సన్నటి ముడత పైకి పాకడం చూశాడు. అది ఏడుపు కాదు. ఆవిడ నవ్వుతోంది. గడియారంలో అయిదో నిమిషం. ముద్ద బిగుసుకునే వేళ.

"కదలకండి!" అని అరిచాడు.

ముప్పై ఆరేళ్లుగా ఆ మాట లోకానికి చెప్పిన మనిషి ఆవిడ. వినడం అదే మొదటిసారి. విని, ఎక్కడికక్కడ ఆగిపోయింది. నవ్వు సగంలో ఉండిపోయింది.

ఆ పైన ప్లాస్టర్ పట్టీలు వేశారు, ఆరనిచ్చారు, తీశారు. కనుబొమలు రెండూ మొహం మీదే ఉన్నాయి. అక్కగారు మొహం కడుక్కుని, తుడుచుకుని, చెప్పులేసుకుని, చెల్లెలి వైపు చూడకుండా అంది:

"పద్నాలుగు కాదు, పదమూడు. నువ్వు మీ బావ చేత పంపిన డబ్బా దారిలోనే ఆయన తినేశారు."

తర్వాత, "శనివారం పన్నెండింటికి. ఆలస్యం చెయ్యకు," అని వెళ్లిపోయింది. ఆవిడకి కోపమొచ్చిందా లేదా అన్నది ఆ రెండు ముక్కల్లో ఎంత వెతికినా ఇద్దరికీ దొరకలేదు.

అచ్చులో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక సోమవారం పొద్దున విప్పి చూసుకున్నారు. తెల్లటి మొహం. కళ్లు మూసుకుని ఉంది. కుడివైపు పెదవి మూల, ఎప్పుడూ కిందికి దిగే ఆ మూల, గోరు మందాన పైకి లేచి ఉంది. అల్లరి చేసి, ఇంకా పట్టుబడని పిల్ల మొహంలా ఉంది.

"అయిపోయింది," అంది భార్య. "ఇది బల్ల మీద పెడితే, బడివాళ్లందరి ముందూ నన్ను నిలబెట్టి కడిగేస్తుంది. ఏవండీ, ఆ మూల కాస్త చెక్కేయండి. మామూలుగా ఉండేట్టు చేసెయ్యండి."

మేస్త్రి సన్నకత్తి తీశాడు. మూడు గీతల పని. వేలకొద్దీ పెదవుల వెనక పళ్లు అమర్చినవాడికి పెదవి మూల దించడం ఒక లెక్కలోది కాదు. కత్తి ఆ మూలకి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత కత్తి తుడిచి పెట్టెలో పెట్టేశాడు.

"నాకు రాదు," అన్నాడు.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆవిడతో ఆడిన మొదటి అబద్ధం అదే. ఆవిడకి తెలిసింది గానీ ఎందుకో రెట్టించలేదు.

ముక్కు దగ్గర మాత్రం ఆయన పనితనం చూపించకుండా ఉండలేకపోయాడు. రంధ్రాల చోట ప్లాస్టర్ బొడిపెల్లా వస్తే, అసలుకి దీటుగా ఉండాలని లోతుగా తొలిచాడు. ప్లాస్టర్‌కి వార్నిష్ పట్టించి, అట్టపెట్టెలో పడుకోబెట్టి, సందులన్నీ టేపుతో మూశాడు. వంట సామానుకి వాడే రకం సిలికాన్ తెచ్చుకున్నారు. రెండు సీసాల్లోంచి సరిసమానంగా తీసి కలిపారు. పోసేది మాత్రం ఆవిడే. పెట్టె మూల నుంచి, దారం లాంటి ధారగా, గాలి బుడగ చేరకుండా, చెయ్యి వణక్కుండా పోసింది. మొహం మెల్లగా మునిగింది. ఆఖరికి ముక్కు కొస మునుగుతున్నప్పుడు ఆవిడ తెలియకుండానే కూనిరాగం అందుకుంది. మేస్త్రి ఊపిరి బిగపట్టి, టేపు చుట్టేదో సరిచేస్తున్నట్టు నటించాడు.

సాయంత్రానికి సిలికాన్ బిగిసింది. మర్నాడు తొలి చాక్లెట్ పోశారు. ముందు కుంచెతో పల్చగా పూత, తర్వాత మందంగా ఇంకో పొర, ఆపైన ఫ్రిజ్‌లో గంటన్నర. అచ్చుని అంచుల నుంచి అరటితొక్కలా ఒలిచారు. నుదురు వచ్చింది, బుగ్గలు వచ్చాయి, గడ్డం వచ్చింది. ముక్కు రాలేదు. ఆయన ముచ్చటపడి తొలిచిన రంధ్రాల్లోకి సిలికాన్ దిగి రెండు మేకుల్లా తయారైంది. ఆ మేకులు ముక్కుని పట్టుకుని వదల్లేదు.

"అయ్యో, అక్కయ్య ముక్కు!" అంది భార్య.

మేస్త్రి గోళ్ల కత్తెరతో ఆ రెండు మేకులూ కత్తిరించేశాడు. ఇకమీదట వదినగారి ముక్కుకి రంధ్రాలుండవు. చాక్లెట్‌కి ఊపిరితో పనేముంది? మిగిలిపోయిన ముక్కుని ఇద్దరూ చెరి సగం తిన్నారు.

"ఎలా ఉంది?"

ఆయన చాలాసేపు నాలుక మీద పెట్టుకుని చూశాడు. "ఎక్కడా ఇసుకలా పలుకు తగల్లేదు," అన్నాడు.

ఆవిడ చెవుల దాకా ఎర్రబడి లోపలికి వెళ్లిపోయింది.

శనివారం బడిలో, ఉపాధ్యాయుల గదిలో, పొడుగాటి బల్ల మధ్యలో, ముక్కుతో సహా మళ్లీ పోసిన మొహాన్ని పళ్లెంలో పెట్టి మీద గుడ్డ కప్పారు. పన్నెండింటికి గుడ్డ తీశారు. ఇరవై మంది టీచర్లు, ఎవరో గంట కొట్టినట్టు, ఒక్కసారిగా ముందుకు వంగారు.

"ఎవరీవిడ?" అంది డ్రాయింగు టీచరు మెల్లగా.

"మేడమ్‌గారిలాగే ఉన్నారే," అన్నాడు లెక్కల మాస్టారు. "కవలలా?"

అంతలో జనం రెండుగా చీలి దారిచ్చారు. పెద్దపంతులమ్మ వచ్చి పళ్లెం ముందు నిలబడింది. చెల్లెలు మొగుడి వెనక్కి జరిగి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే, చొక్కాతో పాటు కాస్త ఆయన కూడా వచ్చాడు.

"ఇది నేనా?" అంది పెద్దపంతులమ్మ.

"అవును మేడమ్," అన్నారు సగం మంది. "కాదు మేడమ్," అన్నారు మిగతా సగం. తోడల్లుడు ఏ సగంలోనూ చేరలేదు. చాక్లెట్ మొహం వైపు అలా చూస్తూ, "నేను ఎరుగుదును ఈవిడని, పెళ్లయిన కొత్తలో," అన్నాడు. ఆ రోజు ఆయన మాట్లాడింది అంతే.

పెద్దపంతులమ్మ ఆయనకేసి చూసి, మళ్లీ పళ్లెంకేసి చూసింది. "ఎవరైనా కొయ్యండి," అంది.

ఎవరూ కదల్లేదు. ఆ మొహానికి కత్తి పెట్టే మొనగాడు ఆ బడిలో ఇంకా పుట్టలేదు. లెక్కల మాస్టారు కత్తిని డ్రాయింగు టీచరుకిచ్చాడు, ఆవిడ పక్కావిడకిచ్చింది. అది బల్ల చుట్టూ తిరిగి తిరిగి పెద్దపంతులమ్మ దగ్గరికే చేరింది. ఆవిడ కత్తిని తిరగేసి, పిడితో బుగ్గ మీద టక్కుమని కొట్టింది. కుడివైపు, పెదవి మూల దగ్గర చిన్న ముక్క ఊడింది. దాన్ని తీసి నోట్లో వేసుకుంది.

గదిలో ఇరవై మందీ ఆవిడ దవడకేసి చూస్తున్నారు. మేస్త్రి అందరికంటే నిశితంగా చూస్తున్నాడు. ఆయన దవడలు చదవగలడు. ఆవిడ కొరకలేదు. నాలుక మీదే ఉంచుకుని, కరగనిచ్చి, మింగింది. ఇంకో దెబ్బ కొట్టి గడ్డం ముక్క తీసుకుంది. అది కూడా తిని, మూడోసారి ఏకంగా ముక్కు మీదికే వెళ్లింది. అది నోట్లో ఉండగానే చెల్లెలి వైపు తిరిగి, ఈవిడ మొగుడి చొక్కా వదిలి ముందుకు వచ్చేదాకా చూసి, అప్పుడు పక్కనున్న మరిదితో, ముప్పై ఆరేళ్ల అలవాటు కొద్దీ పెదవి విరవబోతూ అంది:

"మరిదిగారూ, తీపి కాస్త ఎక్కువైంది."

"మేం వేసింది మామూలేనండీ వదినగారూ, మిగతాది అచ్చులోంచి వచ్చింది."